లక్షద్వీప్ వెళ్ళే ముందు అక్కడి బావుల గురించి తెలుసుకోండి

మీరు రెండు విషయాలు అడిగారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో లక్షద్వీప్ రాజధాని కవరత్తికి బదిలీ అయిందనీ, బయల్దేరే లోపు ఆ ద్వీపాల నేల, మనుషులు, బతుకుతెరువు, పాలన ఎలా ఉంటాయో తెలుసుకోవాలనీ అన్నారు. దాంతో పాటు, "అంత అందమైన చోటును మాల్దీవుల్లాగా మనం ఎందుకు తయారు చేసుకోలేదు?" అని కూడా అడిగారు. నేను ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు ఉద్యోగిగా 2013 నుంచి 2016 దాకా కవరత్తిలో ఉన్నాను. మధ్యలో కొన్ని నెలలు మినికాయ్‌లో డెప్యుటేషన్ మీద పనిచేశాను. మీ రెండు ప్రశ్నలకూ జవాబు నాకు ఒకే చోట దొరికింది, మేం అద్దెకున్న ఇంటి పెరట్లో బావి దగ్గర.

మన పల్లెల్లో బావిలోకి తొంగి చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఆ ఇంటి బావి ఆరడుగుల లోతు కూడా ఉండదు. గట్టు మీద నుంచి వంగితే నీళ్ళలో మన ముఖం దగ్గరగా కనిపిస్తుంది. దిగిన మొదటి వారంలోనే ఒక సంగతి గమనించాను. పొద్దున ఒక రాయి దాకా ఉన్న నీరు మధ్యాహ్నానికి బెత్తెడు పైకి లేచింది. చుక్క వాన లేదు. ఇంటావిడను అందరూ ఉమ్మ అనే పిలిచేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆవిడను అడిగితే సముద్రం వైపు చెయ్యి చూపించి "పోటు" అన్నారు. సముద్రానికి పోటు వస్తే బావి పొంగుతుంది, పాటు వస్తే దిగుతుంది. బావిలో నీళ్ళు మాత్రం తాగడానికి పనికొచ్చేంత తియ్యగా ఉండేవి.

ఇది ఎలా సాధ్యమో అర్థమైతే లక్షద్వీప్ సగం అర్థమైనట్టే. ఆ ద్వీపాల్లో కొండ లేదు, నది లేదు, వాగు లేదు. నేలంతా పగడపు సున్నపు ఇసుక. పడిన వాన ఆ ఇసుకలోకి ఇంకిపోతుంది. మంచినీరు ఉప్పునీటి కన్నా తేలిక కాబట్టి, కింద ఇసుకలో నిండి ఉన్న సముద్రపు నీటి మీద ఒక పల్చని పొరలా తేలుతూ నిలుస్తుంది. ద్వీపం నడుమ కాస్త మందంగా, అంచుల్లో సన్నగా, కళ్ళజోడు అద్దంలా ఉంటుందా పొర. పుస్తకాల లెక్క ప్రకారం సముద్ర మట్టానికి పైన ఒక మీటరు మంచినీరు నిలిస్తే కింద నలభై మీటర్ల దాకా మంచినీరు ఉండాలి. కానీ అక్కడ పైన నిలిచేది మీటరులో చిన్న వంతు, అందుకే కింద ఉండేదీ కొద్ది మీటర్లే. మోటారు పెట్టి గట్టిగా లాగితే ఆ పొర మధ్యలో చిరిగి, కింది ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. ఒకసారి ఉప్పెక్కిన బావి మళ్ళీ తియ్యబడాలంటే మంచి వానాకాలం రావాలి.

ఇప్పుడు భూగోళం సంగతి. లక్షద్వీప్‌లో 36 దీవులు. అన్నీ కలిపితే 32 చదరపు కిలోమీటర్లు. మన దగ్గర ఒక మామూలు మండలం కూడా దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. జనం ఉండేది పదింటిలోనే: కవరత్తి, అగత్తి, అమిని, కడ్మత్, కిల్తాన్, చెత్లత్, బిత్ర, ఆంద్రోత్, కల్పేని, మినికాయ్. మీరు వెళ్ళే కవరత్తి 4.22 చదరపు కిలోమీటర్లు, హైదరాబాద్ హుస్సేన్ సాగర్ కంటే చిన్నది. ఆ కాస్త నేల మీద 2011 జనాభా లెక్కల్లో 11,221 మంది ఉన్నారు. బిత్రలో 271 మంది. మొత్తం లక్షద్వీప్‌లో 64,473 మంది, అంటే చదరపు కిలోమీటరుకు రెండు వేలకు పైనే. నేల చాలాచోట్ల సముద్రానికి ఒకటి రెండు మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. కొచ్చి నుంచి దూరం ద్వీపాన్ని బట్టి 200 నుంచి 440 కిలోమీటర్ల పైచిలుకు. మినికాయ్ అన్నిటికీ దక్షిణాన విడిగా ఉంటుంది. దానికీ మిగతా దీవులకూ మధ్య నైన్ డిగ్రీ ఛానల్, దానికీ మాల్దీవులకూ మధ్య ఎయిట్ డిగ్రీ ఛానల్.

నేల చిన్నదని ఆ ప్రాంతాన్ని చిన్నదనుకోకండి. చాలా ద్వీపాల పక్కన పగడపు దిబ్బ అడ్డుగోడలా నిలబడి, లోపల నిశ్చలమైన నీటిని పట్టి ఉంచుతుంది. దాన్నే లగూన్ అంటారు. ఈ లగూన్లన్నీ కలిపి సుమారు 4,200 చదరపు కిలోమీటర్లు, నేలకు నూట ముప్పై రెట్లు. బయటి సముద్రంలో ఈ దీవుల వల్ల దేశానికి దక్కే ప్రత్యేక ఆర్థిక మండలం, అంటే చేపల మీదా, సముద్రపు సంపద మీదా మనకే హక్కుండే సముద్ర భాగం, 4 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినా 2.75 లక్షలే. ఢిల్లీకి ఆ దీవుల మీద అంత పట్టింపు ఎందుకో ఈ ఒక్క అంకె చెబుతుంది. 2012లో కవరత్తిలో, 2024లో మినికాయ్‌లో నౌకాదళ స్థావరాలు పెట్టారు.

వేసవిలో నేను తాగిన నీళ్ళు ఎక్కువగా సముద్రం నుంచి వచ్చినవే. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్ళు 2005లో కవరత్తి ఒడ్డున ఒక ప్లాంటు పెట్టారు. దాని పద్ధతి నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. పైన సముద్రపు నీరు 28 డిగ్రీల వేడిమీద ఉంటుంది. మూడు వందల యాభై మీటర్ల లోతుకు గొట్టం దించితే 12 డిగ్రీల చల్లని నీరు వస్తుంది. గాలి తీసేసిన గదిలోకి పైనీటిని పంపితే తక్కువ పీడనం వల్ల అందులో కొంత ఆవిరవుతుంది. ఆ ఆవిరిని లోతునుంచి తెచ్చిన చల్లటి నీటితో చల్లారిస్తే మంచినీరు. రోజుకు లక్ష లీటర్లు. పగడపు ద్వీపం అంచు దాటగానే సముద్రం ఒక్కసారిగా లోతుకు పడిపోతుంది కాబట్టే అంత లోతు గొట్టం ఒడ్డుకు దగ్గర్లోనే దించగలిగారు. 2011లో మినికాయ్, అగత్తిలకు కూడా వచ్చింది, తర్వాత మిగతా ద్వీపాలకు విస్తరిస్తూ వస్తున్నారు. కానీ పదకొండు వేల మందికి లక్ష లీటర్లంటే మనిషికి రోజుకు తొమ్మిది లీటర్లు. తాగడానికి, వంటకు సరి. స్నానానికి, బట్టలకు మళ్ళీ బావే. ప్లాంటు నడవడానికి కరెంటు కావాలి, ఆ కరెంటులో ఎక్కువ భాగం డీజిల్ జనరేటర్ల నుంచి వస్తుంది, డీజిల్ ఓడలో రావాలి.

ఇక మనుషులు. కులం, తెగ అని మనం వాడే మాటలకు అక్కడ వేరే అర్థాలున్నాయి, తొందరపడి పోల్చకండి. జనాభాలో 96 శాతానికి పైగా ముస్లింలు, దాదాపు 95 శాతం షెడ్యూల్డ్ తెగలు. వాళ్ళూ వీళ్ళూ ఒకరే. తల్లిదండ్రులిద్దరూ ఆ ద్వీపాల్లోనే పుట్టి, తానూ అక్కడే పుట్టినవారికి ఎస్టీ హోదా అని 1951 నాటి ఉత్తర్వు. ఇందులో ఒక చిక్కు తర్వాత బయటపడింది. కాన్పు కష్టమైతే గర్భిణిని కొచ్చికో కోళికోడ్‌కో పంపుతారు. బిడ్డ అక్కడ పుడితే "ద్వీపంలో పుట్టిన" అన్న షరతు తప్పినట్టే. ఆసుపత్రికి వెళ్ళిన పాపానికి బిడ్డ హోదా పోకుండా 2008లో పార్లమెంటు ఆ ఉత్తర్వును సవరించింది. ద్వీపవాసులకు బయటి నేల మీద పుట్టిన పిల్లలు తిరిగి వచ్చి ద్వీపంలో స్థిరపడితే, అక్కడే పుట్టినట్టు లెక్కిస్తారు. వైద్యం అంత దూరంలో ఉండడం చట్టాన్ని ఎలా వంచిందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ తెలియదు.

భాష మలయాళమే కానీ, కొచ్చి నుంచి వచ్చిన మా మేనేజరుకే మొదట్లో సగం అర్థమయ్యేది కాదు. దాన్ని జెసెరి అంటారు. మినికాయ్‌లో అదీ ఉండదు. అక్కడ మాట్లాడేది మహల్, మాల్దీవుల ధివేహికి చుట్టం, రాసేది కుడి నుంచి ఎడమకు సాగే తానా లిపిలో. మీకు మలయాళం రాకపోతే కంగారు పడకండి. అక్షరాస్యత 2011లోనే 91.85 శాతం, ఆఫీసుల్లో ఇంగ్లిష్ నడుస్తుంది, హిందీ కూడా కొంత నడుస్తుంది. నేను ఆరు నెలల్లో కౌంటరు దగ్గర సరిపడే మలయాళం నేర్చుకున్నాను. నేర్చుకోండి. మనవాడు మన మాట పలుకుతున్నాడని వాళ్ళు పడే సంతోషం చూడాలి.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది ఆస్తి సంగతి. ఇస్లాంను అనుసరిస్తూనే అక్కడ ఆస్తి తల్లి వైపు నుంచి దిగుతుంది. ఒకే పూర్వీకురాలి సంతానమంతా కలిసి ఒక తరవాడు. ఆ తరవాడు ఉమ్మడి ఆస్తిని శుక్రవారం ఆస్తి అంటారు, అది ఆడవాళ్ళ సంతానం ద్వారానే సాగుతుంది, పంచడానికి లేదు. ఒక మనిషి సొంతంగా సంపాదించుకున్నది సోమవారం ఆస్తి, అది షరియత్ ప్రకారం పిల్లలకు వెళ్తుంది. పాత పద్ధతిలో పెళ్ళయ్యాక అమ్మాయి తల్లి ఇంట్లోనే ఉంటుంది. భర్త రాత్రికి అక్కడికి వచ్చి, పొద్దున్నే తన తల్లి ఇంటికి వెళ్ళిపోతాడు. ఇప్పుడు విడి కాపురాలు పెరిగాయి. కానీ ఇంటి మీద ఆడవాళ్ళ హక్కు అలాగే ఉంది. ఉమ్మ ఇంట్లో అల్లుళ్ళు అతిథులు, కూతుళ్ళు యజమానులు. అద్దె అగ్రిమెంటు మీద సంతకం ఉమ్మదే.

బ్యాంకు ఉద్యోగికి దీనితో రోజూ పని పడుతుంది. ఇల్లు కట్టుకోవడానికి లోన్ అడుగుతారు. నేల ఎవరిది అంటే తరవాడుది, అంటే ముప్పై నలభై మందిది. కొన్నిచోట్ల నేల ఒకరిది, దాని మీది కొబ్బరిచెట్టు ఇంకొకరిది. పైగా 1964 నాటి రక్షణ నిబంధన వల్ల ద్వీపవాసులు కానివారికి భూమి అమ్మడం కుదరదు. అప్పు తీరకపోతే తనఖా భూమి వేలం వేస్తే కొనేది ఎవరు? అందుకని మేం భూమిని చూసి కాక జీతాన్ని, జామీనుదారును చూసి అప్పులిచ్చేవాళ్ళం. మొండి బకాయిల టెన్షన్ అక్కడ నాకు పెద్దగా లేదు. పదకొండు వేల మంది ఉన్న ఊళ్ళో ఎగ్గొట్టి వెళ్ళడానికి చోటేదీ. వాయిదా ఆలస్యమైతే మనిషి తనే వచ్చి, ఓడ రాలేదనీ, కొబ్బరి డబ్బు అందలేదనీ చెప్పి వెళ్ళేవాడు. మా పై అధికారులు అడిగే తనఖా కాగితాలు ఈ నేలకు నప్పవని నచ్చజెప్పడానికే నాకు ఎక్కువ కాలం పట్టింది.

బయటివాళ్ళు ఎవరైనా ద్వీపంలోకి రావాలంటే పర్మిట్ కావాలి. 1967 నాటి నిబంధనలవి. ఉద్యోగిగా మీకు ఆఫీసు ద్వారా సులువుగానే వస్తుంది, కుటుంబానికి మాత్రం ముందే దరఖాస్తు పెట్టండి. భారతదేశంలో ఉంటూ భారతీయుడికి పర్మిట్ ఏమిటని నా స్నేహితులు చాలామంది చికాకు పడ్డారు. ఆ బావిని మూడేళ్ళు చూశాక నాకా చికాకు లేదు. భూమి అమ్మకం మీద నిషేధం, పర్మిట్ లేకుండా ఉంటే, ఆ 32 చదరపు కిలోమీటర్లు కొనేసే డబ్బు మన నగరాల్లో ఒక్క వీధిలో దొరుకుతుంది.

చరిత్ర క్లుప్తంగా చెబుతాను. ఆంద్రోత్‌లో సమాధి ఉన్న ఉబైదుల్లా అనే సాధువు ఇస్లాంను తెచ్చారని ద్వీపవాసుల నమ్మకం. తర్వాత చాలాకాలం కన్నూరు అరక్కల్ రాజవంశం ఏలింది. ఆ వంశంలో గద్దె ఎక్కిన స్త్రీని బీబీ అనేవారు. పీచు వ్యాపారం మీద గుత్తాధిపత్యం చూపించి జనాన్ని పీడించారని ఉత్తరాది ద్వీపాలవాళ్ళు టిప్పు సుల్తాన్ వైపు తిరిగారు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక ఆ ఉత్తరాది ద్వీపాలు ఈస్టిండియా కంపెనీకి దక్కి దక్షిణ కెనరాలో చేరాయి. దక్షిణాదివి మలబారులో చేరాయి. రెండూ మద్రాసు ప్రెసిడెన్సీవే. అంటే 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయేదాకా మన కోస్తా, రాయలసీమ జిల్లాలూ ఆ ద్వీపాలూ ఒకే రాష్ట్రం, ఒకే సెక్రటేరియట్ కింద ఉండేవి. 1956 నవంబర్ 1న కేంద్రపాలిత ప్రాంతమైంది. 1964 దాకా రాజధాని ద్వీపాల్లో కాదు, కోళికోడ్‌లో ఉండేది. 1973 నవంబర్ 1న లక్షద్వీప్ అనే పేరు పెట్టారు.

బతుకుతెరువు గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. మా బ్రాంచిలోకి డబ్బు ఎక్కడ నుంచి వచ్చేదో చూస్తే మొత్తం ఆర్థిక వ్యవస్థ తెలుస్తుంది. మొదటి స్థానం ప్రభుత్వ జీతాలది, అదీ బాగా ముందు. ఒకటో తారీఖున మా కౌంటరు ముందు వరస రోడ్డు దాకా ఉండేది. ఓడలు, కరెంటు, పోర్టు, బడి, ఆసుపత్రి అన్నీ ప్రభుత్వానివే, పెద్ద ప్రైవేటు యజమాని ఎవరూ లేరు. అందుకే ఏ కాంట్రాక్టు ఉద్యోగాలు తీసేసినా అక్కడ అది ఒక శాఖ సమస్యగా ఉండదు, ప్రతి ఇంటి సమస్య అవుతుంది.

రెండోది కొబ్బరి. ఖాళీగా కనిపించిన ప్రతి జాగాలోనూ కొబ్బరే. కాయ చిన్నది, నూనె శాతం ఎక్కువ. మన కోనసీమవాళ్ళు చూస్తే ఇంత చిన్న కాయా అంటారు, ఎండబెట్టాక చూసి మెచ్చుకుంటారు. ఎండు కొబ్బరి బయటి నేలకు పోతుంది. పీచును లగూన్ ఒడ్డు ఇసుకలో గుంట తీసి పాతిపెట్టి, నెలల తరబడి నానాక తీసి, కర్రతో బాది తాడు పేనేవారు. ఆ పనంతా ఆడవాళ్ళదే. నీరా కాచి చేసే పల్చటి బెల్లం పాకం, వెనిగర్ కూడా ఉన్నాయి. ఆ పాకాన్ని ఉమ్మ రొట్టె మీద పోసి పెట్టేవారు. కొబ్బరికి ఎలుకల బెడద కూడా ఉంది. చెట్టెక్కి లేతకాయలను కొరికి పాడుచేస్తాయి, పంట లెక్కలో అది చిన్న నష్టం కాదు.

మూడోది ట్యూనా. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఇంత శుభ్రమైన వేట నేను ఇంకెక్కడా చూడలేదు. మినికాయ్‌లో ఒక తెల్లవారుజామున మా ఖాతాదారు ఒకాయన నన్ను తన పడవలో తీసుకెళ్ళాడు. ముందు లగూన్‌లో సన్నని వలతో వేలెడంత చిన్న చేపలను పట్టి, పడవ అడుగున ఉన్న తొట్టిలో పోశారు. ఆ తొట్టికి రంధ్రాలుంటాయి, సముద్రపు నీరే లోపలికీ బయటికీ ఆడుతూ ఎర చేపలను బతికించి ఉంచుతుంది. దిబ్బ దాటి బయటికి పోయాక పక్షుల గుంపు కనిపించింది. ఒక మనిషి గుప్పెళ్ళతో బతికున్న ఎరను విసిరాడు, ఇద్దరు నీళ్ళు చిమ్ముతున్నారు. ఆ చిమ్మే నీళ్ళకు ఎర చేపల మంద అక్కడుందని ట్యూనా భ్రమపడి ఎగబడుతుంది. వెనక వరసగా నిలబడ్డ ఎనిమిది మంది గెడలు దించారు. గాలానికి ముల్లు ఉండదు. చేప పట్టుకోగానే గెడ ఎత్తి వెనక్కి విసిరితే, అది గాలిలోనే గాలం వదిలి పడవలో ధభీమని పడుతుంది, గెడ మళ్ళీ నీళ్ళలో ఉంటుంది. పావుగంటలో పడవ నిండింది. ట్యూనా పట్టడానికి వల లేదు, తాబేలు చిక్కదు. ఒక్కో చేపను ఒక్కో మనిషి ఒక్కో గాలంతో పడతాడు.

ఒడ్డుకు వచ్చాక ఆడవాళ్ళు తలలు, పేగులు తీసి, ఉప్పునీటిలో ఉడకబెట్టి, కొబ్బరి పీచు పొగలో పెట్టి, ఎండబెడతారు. కర్రముక్కలా గట్టిపడుతుంది. దాన్ని మాస్ అంటారు. నెలల తరబడి చెడదు, తురిమి కూరలో వేసుకుంటారు. ఫ్రిజ్ లేని కాలంలో, వారాల తరబడి ఓడ రాని వానాకాలంలో, ద్వీపాన్ని బతికించిన తిండి ఇదే. ఇప్పటికీ తాజా చేపను కొచ్చికి పంపాలంటే ఐస్ కావాలి, ఐస్‌కు మంచినీరు కావాలి, కరెంటు కావాలి. మళ్ళీ బావి దగ్గరికే వచ్చాం చూడండి. పట్టిన చేపకు వాళ్ళకు దక్కేది తక్కువ. ఒడ్డున ఉన్న దళారికి దక్కేది ఎక్కువ. ఈ ఒక్క ముడి విప్పితే ఎన్ని రిసార్టులకు సాటి వస్తుందో అని నేను చాలాసార్లు అనుకున్నాను.

మినికాయ్ మగవాళ్ళు తరతరాలుగా నావికులు. ప్రపంచ ఓడల మీద పనిచేస్తూ డబ్బు పంపుతారు. నా డెప్యుటేషన్‌లో ఎక్కువ పని ఆ విదేశీ చెల్లింపులతోనే. ఊరి పనులు ఆడవాళ్ళే నడిపిస్తారు. ఊరిని అవా అంటారు. ప్రతి అవాకూ ఒక మగ పెద్ద బొడుకాకా, ఒక ఆడ పెద్ద బొడుదాత ఉంటారు. ఊరుమ్మడి పనికి ఎవరు రావాలో, పెళ్ళికి ఎవరు వండాలో, పడవ పందేలకు జహాధోనీ ఎప్పుడు దింపాలో వాళ్ళు చెబితే అదే జరుగుతుంది.

పాలన విషయానికి వస్తే, అక్కడ శాసనసభ లేదు, ముఖ్యమంత్రి లేడు. రాజ్యాంగం 239వ అధికరణం కింద రాష్ట్రపతి నియమించిన అడ్మినిస్ట్రేటర్ పాలిస్తారు. 240వ అధికరణం కింద రాష్ట్రపతి రెగ్యులేషన్ చేస్తే అది చట్టంతో సమానం. మొత్తం లక్షద్వీప్ ఒకే జిల్లా, హైకోర్టు కేరళది. చట్టం ప్రకారం ప్రజలు ఎన్నుకోవాల్సినవి ద్వీప పంచాయతీలు, ఒక జిల్లా పంచాయతీ, ఒక ఎంపీ. ఆ లోక్‌సభ స్థానంలో 2024లో ఓటర్లు 58 వేల లోపే, దేశంలో అతి తక్కువ. అదే ఎన్నికల్లో అత్యధిక ఓటర్లున్నది మన మల్కాజిగిరి, 37 లక్షల పైచిలుకు. ఇద్దరికీ పార్లమెంటులో ఒక్కో సీటే. 1967లో ద్వీపవాసులు మొదటిసారి ఓటు వేసినప్పటి నుంచి పీఎం సయీద్ వరసగా పదిసార్లు గెలిచారు, 2004లో 71 ఓట్లతో ఓడిపోయారు. 71 ఓట్లంటే అక్కడ రెండు మూడు తరవాడులు. అందుకే ఓటు అడగడానికి వచ్చే మనిషి ప్రతి గడపా ఎక్కాల్సిందే.

కానీ ఎంపీ చట్టం చేయించగలడే తప్ప ద్వీపాన్ని నడపలేడు. నడిపేది అడ్మినిస్ట్రేటర్. మంచి మనిషి వస్తే పనులు ఆశ్చర్యపోయేంత వేగంగా జరుగుతాయి, వినని మనిషి వస్తే ఆపే వ్యవస్థ లేదు. 2021లో ఇది దేశమంతా చూసింది. ఏ భూమినైనా అభివృద్ధి పేరిట తీసుకునే అధికారం ఇచ్చే ముసాయిదా ఒకటి వచ్చింది. విచారణ లేకుండా నిర్బంధించే ముసాయిదా, ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలుంటే పంచాయతీ పోటీకి అనర్హులనే ముసాయిదా దానితో పాటే వచ్చాయి. జిల్లా పంచాయతీ చేతిలో ఉన్న విద్య, వైద్యం, వ్యవసాయం, పశుసంవర్ధకం, మత్స్య శాఖలను వెనక్కి తీసుకున్నారు. జూన్ 7న ద్వీపాలన్నిటా జనం ఎవరి ఇంట్లో వాళ్ళు నిరాహారంగా కూర్చున్నారు. ఆ రోజు ఉమ్మ కూతురు ఫోన్ చేసి, "అమ్మ కూడా తినలేదు" అంది. ఆవిడకు అప్పటికే డెబ్బై దాటాయి. అభివృద్ధికి ఆవిడ అడ్డు కాదు. బడి కావాలి, ఆసుపత్రి కావాలి, నెట్ కావాలి. 2024 జనవరిలో కొచ్చి నుంచి సముద్రం అడుగున వేసిన ఆప్టికల్ ఫైబర్ ప్రారంభమైతే వాళ్ళు పండగ చేసుకున్నారు. నా రోజుల్లో శాటిలైట్ లింకు పోతే బ్యాంకు మొత్తం చేతులు కట్టుకుని కూర్చునేది, వైద్యానికి డబ్బు తీయాల్సినవాళ్ళు మధ్యాహ్నం దాకా ఎదురుచూసేవారు. వాళ్ళు అడిగేది ఒకటే, మా నేల మీద నిర్ణయం తీసుకునే ముందు మమ్మల్ని అడగండి అని. అది న్యాయమైన మాట.

ఇప్పుడు మాల్దీవుల ప్రశ్న. ఆ 2024 జనవరిలోనే ప్రధాని లక్షద్వీప్ ఫొటోలు పెట్టాక ఈ ప్రశ్న దేశమంతా అడిగింది. మాల్దీవుల్లో దాదాపు 1,200 దీవులున్నాయి, నేల దాదాపు 300 చదరపు కిలోమీటర్లు. వాళ్ళ పద్ధతి ఒక ఖాళీ దీవికి ఒక రిసార్టు. ఊళ్ళు వేరు, రిసార్టులు వేరు. మనకు 36 దీవులు, నేల అందులో తొమ్మిదో వంతు కంటే కాస్త తక్కువ. ఖాళీ దీవుల్లో చాలావరకు చిన్న ఇసుక తిన్నెలు. పిట్టి అనేది పక్షులు గుడ్లు పెట్టే అభయారణ్యం. రిసార్టుకు పనికొచ్చేవి బంగారం, తిన్నకర, సుహేలి లాంటి కొన్నే. బంగారంలో చాలాకాలంగా రిసార్టు ఉంది. మిగతా ద్వీపాల్లో మద్యనిషేధం ఉన్న కాలంలోనూ అక్కడ మినహాయింపు ఉండేది. మాల్దీవుల పద్ధతిని ఇక్కడికి తెస్తే అది ఊళ్ళ మధ్యలోకే రావాలి. వంద గదుల హోటలు రోజుకు వాడే నీళ్ళు ఏ బావి నుంచి? డీజిల్‌తో సముద్రపు నీటిని శుద్ధి చేస్తారనుకుందాం. మురుగు ఎక్కడికి? ఇప్పటికే కవరత్తిలో సెప్టిక్ గుంటకూ బావికీ మధ్య పది అడుగుల దూరమే ఉన్న ఇళ్ళు చూశాను. ఇసుక దేన్నీ ఆపదు. బావులు చెడితే పిల్లలకు విరేచనాలు. మురుగు లగూన్‌లోకి పోతే పగడం చస్తుంది.

పగడం చావడమంటే అందం పోవడం ఒక్కటే కాదు. ఆ దిబ్బే అలలను ఆపుతుంది, అది విరిగి నలిగిన ఇసుకే ద్వీపం. 1998, 2010, 2016, 2024 సంవత్సరాల్లో సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబడ్డాయి. బంగారం పక్కన పరళి అనే చిన్న దీవి ఒకటి కోతకు గురై పూర్తిగా కనుమరుగైంది. కొన్నేళ్ళ కిందట సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ రవీంద్రన్ కమిటీ ఒక్కో ద్వీపం మోయగలిగే బరువును లెక్కగట్టి ప్రణాళికలు రాయమంది. నాకు తెలిసినంతలో ఆ దారే సరైనది. రోజుకు ఇంతమందే అని పరిమితి పెట్టి, ఓడలోనే పడుకుని పగలు ద్వీపం చూసి వెళ్ళే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. ద్వీపవాసుల ఇళ్ళలో నాలుగు గదులు ఇచ్చి డబ్బు వాళ్ళకే అందేలా చేస్తే ఇంకా మంచిది.

వెళ్ళే ముందు మీకు అవసరమైనవి చెప్పి ఆపుతాను. విమానం దిగేది అగత్తిలో మాత్రమే. అక్కడ నుంచి కవరత్తికి పడవలోనో, హెలికాప్టర్‌లోనో వెళ్ళాలి. ఓడైతే కొచ్చి నుంచి ఒక రాత్రి పైన పడుతుంది. ఓడ దిబ్బ బయటే ఆగితే పక్క తలుపులో నుంచి ఊగుతున్న పడవలోకి దిగాలి. కిందివాళ్ళు చెయ్యి పట్టుకుంటారు, వాళ్ళు "ఇప్పుడు" అన్నప్పుడే అడుగు వెయ్యండి, మీ అంతట మీరు వెయ్యకండి. మే చివరి నుంచి సెప్టెంబరు దాకా ఓడలు సరిగా రావు, కూరగాయలు దొరకవు. పప్పులు, చింతపండు, ఎండుమిర్చి, మీకు వాడుకైన మందులు మూడు నెలలకు సరిపడా పట్టుకెళ్ళండి. మిగతా ఏ కూరా లేని రోజు కొబ్బరి, చేప ఎలాగూ ఉంటాయి. కుక్కల భయం, పాముల భయం లేవు, పిల్లలను రాత్రిపూట కూడా బయట వదిలేయొచ్చు.

క్వార్టరులో దిగగానే బావి ఎక్కడుందో, సెప్టిక్ గుంట ఎక్కడుందో చూసుకోండి. తాగే నీళ్ళు కాచుకోండి. మోటారు ఉంటే ఒకేసారి గంటసేపు లాగకుండా పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు వేయండి. ఏప్రిల్, మే నెలల్లో నీళ్ళు ఉప్పు తగలడం మొదలైతే మోటారు కట్టేసి చేదతో తోడుకోండి. ఉమ్మ మా ఇంట్లో అలాగే చేయించేవారు. పక్కింటివాళ్ళ బావి ఉప్పెక్కిన ఏడు కూడా మా బావి ఉప్పెక్కలేదు.